కొత్తలయ్యేదాకా

మా మన్యం ఊరు కురుపాంలో డిసెంబరంటే కంది కాయ ముదిరే కాలం. తెల్లవారుజామున మంచు కొండ దిగి ఊరి మీద కూర్చుంటుంది. గూడెంలో నెగడి చుట్టూ చేరినవాళ్ల మాటలు వినిపిస్తాయి తప్ప మనుషులు కనిపించరు. నాకు తెలిసిన చలి అదే. మేనల్లుడు చదువుకుంటున్న హాంబర్గ్‌కు ఓ డిసెంబరులో వెళ్లాక, చలి కన్నా చీకటి బరువని తెలిసింది. ఉదయం ఎనిమిదిన్నర దాటితే గాని పొద్దు పొడవదు, సాయంత్రం నాలుగింటికే గూకిపోతుంది. ఆ చీకట్లో ప్రతి కిటికీలోనూ ఓ దీపం. వీధిన పోయేవాడి కోసమే పెట్టినట్టు, అన్నీ బయటివైపు తిరిగి ఉన్నాయి.

మేనల్లుడి పక్కింట్లో ఓ పెద్దవయసు దంపతులు. వాళ్ల బల్ల మీద ఆకుపచ్చని కొమ్మలతో అల్లిన చక్రం, దాని మీద నాలుగు కొవ్వొత్తులు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో వారానికొకటి చొప్పున వెలిగిస్తారు. ఈ ఆచారానికి మూలం ఆ ఊరే. పేద పిల్లల కోసం అక్కడ రౌఎస్ హౌస్ అనే ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిష్ విషెర్న్, పండగ ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో ఓ బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడట. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగిస్తూ పోతే పండగ ఎంత దూరంలో ఉందో పిల్లల కంటికే తెలుస్తుంది. ఆ నాలుగు వారాలకూ పేరు అడ్వెంట్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం రాక.

నగరపాలక భవనం రాట్‌హౌస్ ముందు క్రిస్మస్ సంత. వరసగా చెక్క దుకాణాలు, బాదంపప్పు వేయిస్తున్న వాసన, చేతుల్లో పొగలు కక్కే ద్రాక్షసారా కప్పులు. కప్పుకు ముందే కొంత సొమ్ము కట్టించుకుని, తిరిగిచ్చాక వాపసు చేస్తారు. లెబ్‌కూఖెన్ అనే రొట్టె కొని కొరికాను. అల్లం, లవంగం, దాల్చినచెక్క, యాలకులు! ఏదీ ఆ నేలలో పండేది కాదు. మా మన్యం సంతకు అల్లం, పసుపు, చింతపండు కావిళ్లతో దిగివచ్చే సవర, జాతాపు గిరిజనులు కళ్లముందు మెదిలారు. ఆ పండగ వాసనంతా మనవైపు వేడినేలల నుంచి ఓడలెక్కి వచ్చిందే.

ఇరవై మూడో తేదీన ఉత్తరానికి రైలెక్కి, హుసుమ్ దాటి బ్రెడ్‌స్టెట్‌లో దిగాను. పక్కనే బ్రెక్లుమ్ అనే చిన్న పల్లె. పార్వతీపురం, సాలూరు వైపు లూథరన్ క్రైస్తవుల కథ మొదలైంది అక్కడే. ఆ పల్లె పాస్టర్ క్రిస్టియన్ యెన్సెన్ 1876లో మిషన్ స్థాపించాడు. ఆ తర్వాత ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోట్‌మన్ అక్కడినుంచే మన కొండలవైపు బయల్దేరారు. ఊరి చివర నిలబడి చుట్టూ చూశాను. ఎటు చూసినా చదునే. చిత్తడి నేలలు, సముద్రపు గాలి, ఎక్కడా కొండ లేదు. ఇలాంటి చోటునుంచి కదిలి, మలేరియాకు పేరుపడ్డ మన్యానికి వచ్చినవాళ్లకు అక్కడి మొదటి క్రిస్మస్ ఎలా గడిచి ఉంటుంది? మంచు కురవని డిసెంబరు, కోతలకు వచ్చిన వరిచేలు, ఇంకా నోరు తిరగని భాషలు. నేను దీపాల మధ్య ఉండి కూడా ఇంటిమీద బెంగపడుతున్నాను. వాళ్ల బెంగ ఎంతదో ఆ గాలిలో కాస్త తెలిసింది.

హాంబర్గ్‌కు తిరిగొచ్చాక, ఇరవై నాలుగు మధ్యాహ్నానికి దుకాణాలు మూతపడ్డాయి. చూస్తుండగానే వీధులు ఖాళీ. మన పండగ వీధిలోకి వస్తుంది, వాళ్ల పండగ ఇంట్లోకి వెళ్తుంది. ఇరవై అయిదూ ఇరవై ఆరూ కూడా సెలవే కాబట్టి, ముందుచూపుతో రొట్టె కొనిపెట్టుకోని పరదేశి పస్తుండాలి. మాకు ఆ గతి పట్టకుండా పక్కింటి దంపతులు పిలిచారు. విందంటే బంగాళాదుంపల సలాడు, సాసేజీలు. అంత సాదాగా ఉంటుందనుకోలేదు. నాలుగు కొవ్వొత్తులూ వెలుగుతున్నాయి. మొదటిది కరిగి పొట్టిదైపోయింది, నాలుగోది ఇంకా నిటారుగా ఉంది. నెలరోజుల ఎదురుచూపు కొలతపెట్టినట్టు కళ్లకు కనిపించింది. వచ్చేటప్పుడు ఆ ఇల్లాలు ఎండుగడ్డితో చేసిన నక్షత్రం ఒకటి నా చేతిలో పెట్టింది.

జనవరిలో ఇల్లు చేరి, గూడెంలో చిన్ననాటి స్నేహితుణ్ణి చూడబోయాను. వాకిట్లో కంది కట్టెలు ఎండుతున్నాయి. మాటల్లో పడి ఓ కాయ తుంచి ఒలవబోతే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆగు బాబూ, ఇంకా కొత్తలవ్వలేదు."

కందికొత్తల పండగ చేసి దేవతకు పెట్టేదాకా అక్కడ కొత్త కంది ఎవరూ నోట పెట్టరు. చిన్నప్పటినుంచీ విన్నమాటే, ఆరోజే కొత్తగా వినిపించింది. పంట వాకిట్లోనే ఉంది, ఆకలీ ఉంది. అయినా అందరూ కలిసి తినే రోజు కోసం ఆగుతారు. ఆగడం వల్లే గింజ పండగవుతోంది. మొదటి ఆదివారం వెలిగించకుండా ఉంచిన ఆ మూడు కొవ్వొత్తులూ చెప్పింది ఇదే.

సంచిలోంచి గడ్డి నక్షత్రం తీసి ఆమెకిచ్చాను.

"ఏటిది?"

"అక్కడి పండగ గుర్తమ్మా."

"ఆళ్లూ ఆగుతారా కొత్తలకి?"

"ఆగుతారమ్మా. నాలుగు ఆదివారాలు."

ఆమె తలూపింది. పిచ్చుకల కోసం చూరుకు కట్టిన వరికంకుల కుచ్చు పక్కనే ఆ నక్షత్రాన్నీ కట్టింది.