కవళ్ళు మన వైపుకెందుకు వచ్చాయి

మొన్న మా వీధికొచ్చిన చేపలావిడ గంపలో సగం నూనె కవళ్ళే. మా చిన్నప్పుడు ఇవి ఇంతగా ఎరగం. 1985కి ముందు ఇవి దాదాపు అన్నీ కేరళ, కర్ణాటక వైపే పడేవి. సముద్రం వేడెక్కేకొద్దీ మన తూర్పు తీరానికీ పాకాయని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు చెప్పారు.

మనకి లాభమేగా అంటారేమో. అటు కేరళ సంగతి చూడండి. అక్కడ వానాకాలంలో అడుగు నుంచి చల్లనీళ్ళు పైకొస్తాయి. మన చేనుకి పెంటఎరువు ఎలాగో సముద్రానికి అదలాగ. దాంతో కంటికి కనపడనంత సన్న నాచు పెరుగుద్ది, అది తిని కవళ్ళు బలుస్తాయి. పైనీళ్ళు మరీ వేడెక్కితే ఆ ఎరువు సరిగా పైకి రాదు. 2012లో అక్కడ 4 లక్షల టన్నుల దాకా పడ్డాయి, 2021లో 3,300 టన్నులు కూడా లేవు. పిల్లచేపల్ని ఊడ్చి పట్టడమూ ఒక కారణమేలెండి, అది దాచకూడదు. తర్వాత మళ్ళీ కొంత పుంజుకున్నాయి.

చేపంటే ఈదుకుంటూ పోద్ది. చిన్న పడవవాడు దాని వెంట ఎంత దూరం పోతాడు, డీజిలెవరు పోస్తారు? మన చేను ఎండితే పరిహారం రాయమని అడుగుతాం. వల ఖాళీగా వస్తే ఆ నష్టం ఏ అడంగల్లో రాయించుకోవాలి?