తార్నాక దిగి, ఆర్ట్స్ కాలేజీ దాకా

బందరులో రాత్రి బండెక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్, అక్కణ్ణించి తార్నాక. మేనల్లుడి సర్టిఫికెట్ పని. చలానా, కౌంటరు, సంతకాలతో పొద్దున్నంతా గడిచిపోయింది. రాయాల్సింది ఆ తర్వాత చూసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ గురించే.

లేత గులాబీ రంగు గ్రానైటు. కింద ఎల్లోరాను తలపించే స్తంభాలు, పైన మసీదు కమానులు. ఈ రెండూ ఒకే గోడలో ఇంత సఖ్యంగా కుదురుతాయని ఫొటోల్లో చూసినప్పుడు అనిపించలేదు. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసొచ్చాక, ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్టు నక్ష గీశాడు. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం. రెండు రాళ్లు కలిసే చోట గోరు పెట్టి చూశాను, దూరలేదు.

"లోపలికి పోవచ్చు సార్, మెట్లు పైలం" అన్నాడు వాచ్‌మన్. మెట్లమీద పిల్లలు గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. 1918లో ఈ విశ్వవిద్యాలయం మొదలైంది ఉర్దూ మాధ్యమంలో. పై చదువులు ఇంగ్లిషులోనే అనుకునే రోజుల్లో, పాఠ్యపుస్తకాలు అనువదించడానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టారు. ఆ తెగువంటే నాకు గౌరవం. తెలుగులో అంత పని ఎప్పుడు జరుగుతుందా అని దిగులూ ఉంది.

పొద్దున చలానా కట్టిన స్టేట్ బ్యాంకుకీ ఆ కాలంతో సంబంధం ఉంది. నిజాం రాజ్యానికి సొంత డబ్బుండేది, ఉస్మానియా సిక్కా. దాన్ని చూసుకోవడానికి 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడి, 1942లో గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. బందరువాడికి ఈ కథ కొత్త కాదు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు మా ఊళ్లో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. పెద్ద నగరాల వైపు చూడకుండా, జిల్లా రైతూ వర్తకుడూ తమ సొమ్ము తమ ఊళ్లోనే దాచుకునే ధైర్యం వచ్చింది. అదీ 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. మా నాన్న పాస్‌బుక్కు మీద ఆ పాత పేరు ఇంకా ఉంది.

లెక్కల ప్రకారం విలీనాలు మంచివే కావచ్చు. అయినా కౌంటరు పక్కన గోడమీద, ఈ బ్యాంకు ఏ ఊళ్లో, ఏ ఏడు, ఎవరు పెట్టారో రెండు వరుసలు రాయించడానికి ఎంత ఖర్చవుతుంది? ఇంటికెళ్లగానే బందరు బ్రాంచి మేనేజరుగారికి ఈ మాటే ఉత్తరం రాస్తాను.