వచ్చారు, వచ్చారట

మన సమాజాల సంచికలు నాలుగు ముందు పెట్టుకొని కూర్చుంటే, కొన్ని వాక్యాలు ఏటేటా పలకరిస్తూనే ఉంటాయి. "తెలుగంత తీయని భాష మరొకటి లేదు." "దేశంలో హిందీ తరువాత పెద్ద భాష తెలుగే." "మా పెద్దలు రాయలవారి కాలంలో ఇక్కడికి వచ్చారు." "మన పిల్లలకు తెలుగుమీద అభిమానం లేదు." నాలుగూ ఒకే అచ్చులో, ఒకే ధీమాతో ఉంటాయి. చదివేవారు కూడా నాలుగింటినీ ఒకే తీరుగా నమ్ముతారు. కాని ఇవి నాలుగూ నాలుగు జాతుల మాటలు.

మొదటిది అభిప్రాయం. అది తప్పని నేననను. నా చెవికీ తెలుగు తీయనే. కాని పక్కింటి తమిళుల చెవికి తమిళమే తేనె, ఎదురింటి కన్నడిగులకు కన్నడమే కస్తూరి. ముగ్గురినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పగల న్యాయాధిపతి ఎవరూ లేరు. అదే, "తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి" అని వ్రాస్తే ఎవరైనా సరిచూడవచ్చును. పరభాషలోని బస్, రోడ్ కూడా మన నోట పడి బస్సు, రోడ్డు అయినవి గదా! తీపి మన ఇష్టం; చివరి అచ్చు మాత్రం అందరి చెవికీ వినబడేదే. రెండూ వ్రాయవచ్చును. ఏది ఏదో తెలిసేటట్లు వ్రాయాలి.

రెండవది అభిప్రాయం కాదు, లెక్క. 1961 జనాభా లెక్కల్లో అది నిజమే. అప్పుడు తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 3.77 కోట్లు, హిందీ తరువాతి స్థానం మనదే. 2001 లెక్కల్లో బెంగాలీ మనకు ముందున్నది, తెలుగు మూడవది. 2011లో మరాఠీ కూడా ముందుకు పోయి, తెలుగు 8.11 కోట్లతో నాలుగవ స్థానంలో నిలిచింది. ఒకప్పటి నిజాన్ని సంవత్సరం తీసివేసి వ్రాస్తే అది అబద్ధమవుతుంది. "నా అభిప్రాయం అది" అని తప్పించుకోవటానికి వీలు లేదు. తప్పు లెక్క అభిప్రాయం కాబోదు, దిద్దుకోవలసిందే. ఇక స్థానం దిగటం చూచి "తెలుగు చచ్చిపోతున్నది" అనేవారున్నారు. ఆ 50 ఏళ్ళలో తెలుగువారి సంఖ్య రెట్టింపుకు మించింది గదా! అంకె జనాభా లెక్కలది. దానినుంచి తీసే అర్థం మనది.

మూడవ వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగాలి. అది మన ఇంటి కథ. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు. తరువాత మధురలోను, తంజావూరులోను నాయకరాజులు ఏలినారు. తంజావూరి రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగులో కావ్యాలు వ్రాశాడు. ఇది అందరికీ తెలిసిన చరిత్ర. కాని "మా పెద్దలు అప్పుడే వచ్చారు" అన్నది ఒక కుటుంబపు సంగతి. దానికి పాత దస్తావేజో, దానపత్రమో, గుడిగోడమీది శాసనమో ఉంటే నిజమని వ్రాయవచ్చును. ఇంటిపేరు ఒక ఊరిపేరు అయితే, ఆ ఊరినుంచి వచ్చి ఉంటారని ఊహించవచ్చును, అది ఊహే. తాతగారి నోటిమాట ఒక్కటే ఆధారమయితే, అది విన్నమాట.

అసలు మనమందరమూ "వచ్చాము" అనటమే సరికాదు. బరంపురంలోని తెలుగు కుటుంబాలు ఎన్నో ఎక్కడికీ కదలలేదు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయినప్పుడు సరిహద్దే కదిలింది. యానాంవారు ఫ్రెంచి ఏలుబడిలో ఉండి 1954లో భారతదేశంలో కలిశారు. ఇల్లు అక్కడే ఉన్నది, జెండా మారింది. షోలాపూరు నేతపనివారి దారి వేరు. వారు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ మగ్గం వెంట వెళ్ళినవారు. అందరికీ రాయలవారి కథే తొడిగితే ఎవరి కథా మిగలదు.

ఇక్కడ మన భాషలోనే మంచి సౌకర్యం ఒకటి ఉన్నది. చదువురాని ముసలమ్మ కూడా "మా ముత్తాతలు బండ్లమీద వచ్చారట" అంటుందిగాని "వచ్చారు" అనదు. "నేను చూడలేదు, నాకు చెప్పారు" అన్న సాక్ష్యమంతా ఆ చివరి "ట"లో ఉన్నది. ఊహకు "కాబోలు" ఉన్నది, సందేహానికి "ఏమో" ఉన్నది, అభిప్రాయానికి "అనుకొంటాను" ఉన్నది. నోటితో మాట్లాడేటప్పుడు వీటిని మరువము. కలం చేతికి రాగానే ఒక్కొక్కటే రాలిపోతాయి! "ట" పెడితే మాట పలుచనవుతుందని భయం కాబోలు. కాని ఒక గొప్ప తేలిపోతే పక్కనున్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. తెలుగు బడి కావాలనో, తెలుగు పుస్తకాలు కావాలనో మనం అర్జీ పెట్టుకొనే రోజున, మన మాటకున్న నమ్మకమే మన బలం.

నాలుగవ వాక్యం అన్నిటికంటె హాని చేసేది. మా మనుమరాలు నాతో తెలుగులోనే పోట్లాడుతుంది, తెలుగులోనే అలుగుతుంది. అంగడి చీటీ మాత్రం తమిళ లిపిలో వ్రాస్తుంది. అందులో ఉండేవి పెరుగు, కందిపప్పు, చింతపండు! ఆ పిల్లకు తెలుగు చదవటం రాదన్నది నిజం. ఒక వాచకం చేతికిచ్చి ఎవరైనా చూడవచ్చును. తమిళనాట 2006 చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరి అయిందన్నది నిజం. ఆ పిల్ల బడిలో తెలుగు చెప్పరన్నదీ నిజం. "అభిమానం లేదు" అన్నది మాత్రం మనమిచ్చిన తీర్పు. నిజాన్ని వ్రాస్తే ఆదివారంపూట గంటసేపు అక్షరాలు దిద్దించే ఉపాయం తోస్తుంది. తీర్పు వ్రాస్తే పిల్లలను కసరటం తప్ప మరో పని మిగలదు. పైగా ఆ తీర్పు అచ్చయిన సంచికను చదివి బదులు చెప్పుకొనే వీలైనా ఆ పిల్లకు లేదు.

అభిప్రాయాలు వ్రాయవద్దని నేననటం లేదు. అభిప్రాయం లేని వ్యాసం ఉప్పులేని పప్పు. ఉప్పునే పప్పు అని వడ్డించవద్దు, అంతే. వ్యాసం పంపేముందు ప్రతి వాక్యాన్నీ అడిగి చూడండి: ఇది కన్నదా, విన్నదా, అనుకొన్నదా? కన్నదానికి ఊరూ, సంవత్సరమూ చేర్చండి. విన్నదానికి చెప్పినవారిని చేర్చండి. అనుకొన్నదానికి "నేను" అని చేర్చండి. ఇతరులు వ్రాసింది చదివేటప్పుడూ ఇదే ప్రశ్న వేసుకోండి.

ఈ సంచికలను కొన్ని ఇళ్ళల్లో అటకమీద భద్రంగా దాస్తారు. ముప్ఫై ఏళ్ళ తరువాత, తెలుగు నేర్చిన ఏ మనుమడో దుమ్ము దులిపి చదువుతాడు. అప్పుడు అడిగి తెలుసుకొందామంటే మనం ఉండము. మనం రాల్చివేసిన "ట"ను వాడు తిరిగి పెట్టలేడు.