పౌలు అప్పీలులో మొదటి సగం



ఈమధ్య విమానాశ్రయం దగ్గర మన సంఘం వ్యానును లాక్కుపోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. "మన పాస్టరు గారు కంప్లయింట్ పెట్టి డబ్బులు వెనక్కి రప్పించారంట" అని ఊళ్లో అనుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసులో గుచ్చుకుంటోంది. అది జరిగినదానిలో సగమే. మిగతా సగం నేనే చెప్పాలి.

మన సంఘంలోని ఒక సహోదరి ఇంటిపనికి కువైట్ బయల్దేరింది. రెండేళ్ల కాంట్రాక్టు. ఆమె తల్లి, ఇద్దరు పిల్లలు, మేనమామ, మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు, నేను, అందరం కలిసి వ్యానులో వెళ్లాం. మన ఊళ్లలో ఎవరైనా గల్ఫ్‌కు వెళ్తుంటే ఒక్కరినే పంపించడం మనకు చేతకాదు కదా!

విమానాశ్రయం లోపలికి వెళ్లేచోట చీటీ ఇచ్చారు. దాని మీద టైము 4:02. మనుషుల్ని దించే చోట పెద్ద బోర్డు ఉంది. పది నిమిషాల్లో దించి వెళ్లిపోవాలి, డ్రైవరు బండి వదిలి దిగకూడదు, దిగితే బండిని టోయింగ్ చేస్తారు, చార్జీ 1,500 రూపాయలు. అంతా తెలుగులోనే రాసి ఉంది. నేను చూశాను. చూసి కూడా దిగాను.

అందరం కలిసి ఫోటో దిగాం. తర్వాత "చిన్న ప్రార్థన చేసుకుందాం" అన్నాను. నా చిన్న ప్రార్థన ఎంతసేపుంటుందో మీకు తెలుసు. ఆమేన్ అనేసరికి ఆ సహోదరి ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. చిన్నపిల్ల అద్దాల తలుపు దగ్గర నుండి కదలనంది. తల్లి కూడా అక్కడే కూలబడింది. వాళ్లను లేవదీయడానికి మేమందరం అక్కడికి వెళ్లాం. వెనక్కి వచ్చి చూస్తే వ్యాను లేదు.

ఆటో పట్టుకుని యార్డుకు వెళ్లాం. అక్కడున్న కుర్రాడు మూడు వేలు కట్టమన్నాడు. బోర్డు మీద పదిహేను వందలే కదా అంటే, "అది టోయింగుకు సార్, మిగతాది వేరే చార్జీలు" అన్నాడు. ఏం చార్జీలో చెప్పలేదు. రసీదు మీద మొత్తం తప్ప ఇంకేమీ లేదు. నాకు కోపం వచ్చింది. "నేనెవరో తెలుసా? దైవసేవకుణ్ణి" అని గట్టిగా అరిచాను. ఆ కుర్రాడు మెల్లగా, "రేటు నేను పెట్టింది కాదు సార్, నేను జీతగాణ్ణి" అన్నాడు. నా జేబులో రెండు వేలే ఉన్నాయి. అప్పుడు ఆ తల్లి చీరకొంగు ముడి విప్పి రెండు ఐదువందల నోట్లు తీసి ఇచ్చింది. ఖర్చులకు ఉంచుకోమని కూతురు లోపలికి వెళ్లేముందు ఇచ్చిన డబ్బు అది.

ఆ రాత్రంతా బండి నడుపుతూ ఆ కొంగుముడి గురించే ఆలోచించాను.

మన పెద్దల్లో ఒకరు, "పోనివ్వండి అయ్యగారూ, రెండో చెంప కూడా చూపించమన్నారు కదా ప్రభువు" అన్నారు. మంచి మాటే. కానీ నా చెంప నేను చూపించవచ్చు గాని, ఆ తల్లి చెంప నేనెలా చూపిస్తాను? నాకు జరిగిన నష్టాన్ని వదిలేయడం క్షమాపణ. బీదరాలికి జరిగిన నష్టాన్ని నేను వదిలేస్తే అది నా బద్ధకం. బాప్తిస్మం పొందడానికి వచ్చిన సుంకరులకు యోహాను ఏం చెప్పాడో లూకా 3వ అధ్యాయంలో చూడండి. ఉద్యోగం మానేయమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. ఎక్కువ తీసుకోవడం తప్పయితే, తీసుకున్నారని అడగడం తప్పు కాదు.

కాబట్టి కంప్లయింట్ రాయడానికి కూర్చున్నాను. నాకు తెలిసిన ఒక లాయరు సహోదరుణ్ణి ఫోనులో అడిగాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షను చూడమన్నారు. పార్కింగు నిషేధించిన చోట బండి పెడితే, దాన్ని లాక్కుపోవడానికైనా, చక్రానికి తాళం వేయడానికైనా ఆ ప్రాంతపు పోలీసు అధికారి, అదీ యూనిఫాంలో ఉన్నవాడు, అనుమతి ఇవ్వాలని అందులో ఉంది. మా బండి విషయంలో ఆ అనుమతి ఎవరిచ్చారో రసీదులో లేదు. నాకు పట్టు దొరికిందనుకున్నాను. అయితే అదే సెక్షనులో కాస్త కిందికి వస్తే, అలా అనుమతితో లాగిన బండి ఖర్చంతా యజమానిదేనని కూడా ఉంది. ఆ వాక్యం మీదుగా నా కళ్లు త్వరగా వెళ్లిపోయాయి.

ఆ రాత్రి నేను ఇలా రాశాను: "మేము ఐదు నిమిషాలు కూడా ఆగలేదు."

రుజువు కావాలి కదా. మేము దిగిన ఫోటోలో మా తలల వెనకే ఆ బోర్డు ఉంది, 1,500 అని స్పష్టంగా కనబడుతోంది. దేవుడే ఇచ్చాడనుకున్నాను. కానీ ఆ తమ్ముడి ఫోను ఫోటో కింద టైము కూడా ముద్రిస్తుంది. 4:19. చీటీ మీద 4:02. అంటే ఫోటోకే పదిహేడు నిమిషాలు. ప్రార్థన ఇంకా మొదలే కాలేదు.

"అయ్యగారూ, ఆ కింద ముక్క కత్తిరించేసి పంపిద్దాం, బోర్డు ఉంటే చాలు కదా" అన్నాడు తమ్ముడు. దాచకుండా చెబుతున్నాను, నేను సరేనన్నాను. వాళ్లు చేసిన మోసం ముందు మాది ఎంత అనిపించింది. అతను ఫోటో కత్తిరిస్తుండగా పాస్టరమ్మ మంచినీళ్లు తెచ్చి, కంప్లయింట్ చదివి, "అసలు మీరక్కడ ఎంతసేపున్నారు?" అని అడిగింది. అంతే. తప్పుపట్టలేదు, వాక్యం చెప్పలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను.

మరునాడు తెల్లవారుజామున అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయం తీశాను. పౌలు కైసరుకు అప్పీలు చేసుకున్న చోటు. "పౌలు కూడా తన హక్కు అడిగాడు" అని ఈ వాక్యం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. నిజమే. ఫిలిప్పీలో కూడా, రోమీయుణ్ణని చెప్పి, రహస్యంగా పంపించేస్తామంటే ఒప్పుకోలేదు. కానీ 11వ వచనం ఎలా మొదలవుతుందో ఆ రోజు చూశాను. కైసరయలో ఫేస్తు ముందు నిలబడి పౌలు మొదట చెప్పినది, తాను చావదగిన నేరం చేసి ఉంటే చావుకు వెనుదీయనని. తర్వాతే, వీళ్లు మోపినవాటిలో నిజం లేకపోతే తనను వీళ్లకు అప్పగించే హక్కు ఎవరికీ లేదని, కైసరు దగ్గరికే వెళ్తానని అన్నాడు. ఆ అప్పీలులో రెండు సగాలున్నాయి. పౌలు నేరం చేయకపోయినా మొదటి సగం పలికాడు. నేను తప్పు చేసి కూడా రెండో సగంతోనే మొదలుపెట్టాను.

కంప్లయింట్ చింపేసి మళ్లీ రాశాను. "చీటీ ప్రకారం 4:02కు వచ్చాము. అరగంటకు పైగా ఉన్నాము. బోర్డు చదివి కూడా నేను బండి వదిలి దిగాను, అది నా తప్పు. బోర్డు మీద ఉన్న 1,500 కట్టడానికి అభ్యంతరం లేదు. పైన తీసుకున్న 1,500 దేనికో చెప్పండి. టోయింగుకు అనుమతి ఎవరిచ్చారో చెప్పండి. లెక్క చెప్పలేకపోతే ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇవ్వండి." ఫోటో కత్తిరించకుండా జతచేశాను. యార్డులోని కుర్రాడి ప్రస్తావన తేలేదు.

విమానాశ్రయం వాళ్లకు ఈమెయిల్ చేశాం, ఎయిర్‌సేవాలో కూడా పెట్టాం. ఇరవై ఆరు రోజులకు 1,500 నా ఖాతాలో పడింది. అనుమతి గురించి జవాబు రాలేదు. ఆ తల్లికి ఆమె వెయ్యి ఇచ్చేశాను. తీసుకుని మళ్లీ కొంగున ముడి వేసుకుంది. మిగతా 500 నాది. పోయిన 1,500 కూడా నాదే, నా చదువుకు ఫీజు.

ఒక్కటి మిగిలిపోయింది. తర్వాత ఒకసారి నగరం వెళ్లినప్పుడు ఆ యార్డుకు వెళ్లాను, ఆ కుర్రాడిని క్షమించమని అడుగుదామని. అతను అక్కడ మానేశాడన్నారు. దైవసేవకుడు అంటే ఎలా ఉంటాడని అతను అనుకుంటున్నాడో ప్రభువుకే తెలియాలి. డబ్బు వెనక్కి వచ్చింది గాని, ఆ మాట వెనక్కి రాలేదు.

విమానాశ్రయానికి వెళ్లే సంఘస్థులకు ఒక మాట. ప్రార్థన ఇంటి దగ్గరే చేసుకుని బయల్దేరండి. అందరూ దిగి సాగనంపాలంటే బండిని డబ్బు కట్టే పార్కింగులో పెట్టండి. ఎక్కడ డబ్బు కట్టినా దేనికెంతో రాసిన రసీదు అడగండి. అన్యాయం జరిగితే 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఐదు లక్షల లోపు వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫీజు కూడా లేదు. భయపడకండి, అడగండి. కానీ అడిగేముందు మీ చీటీ మీద టైము చూసుకోండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, న్యాయం అడిగే ధైర్యం మాకివ్వండి. అడిగే నోటిలో అబద్ధం లేకుండా కాపాడండి. దూరదేశంలో ఉన్న మా సహోదరిని, ఇక్కడున్న ఆమె పిల్లలను మీ రెక్కల చాటున దాచండి. నేను నొప్పించిన ఆ బిడ్డ ఎక్కడున్నా దీవించండి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.