ఎర్తు గుంట

పాత వాల్వు రేడియో చేతికొస్తే అందరూ ముందు డయలు తుడుస్తారు. నేను దాన్ని గోడ వైపు తిప్పి వీపు చూస్తాను. మర్ఫీ గానీ బుష్ గానీ, వెనక రెండు రంధ్రాలుంటాయి. ఒకటి ఏరియలుకు, ఒకటి ఎర్తుకు. మొదటిదాని కోసం చెట్లెక్కినవాళ్లున్నారు గానీ రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మా మర్రిగూడ మండలం లాంటి చోట చిక్కంతా ఆ రెండోదానితోనే.

ఏరియలు సంగతి తేలిక. ఇంట్లోనైతే దూలం నుంచి దూలానికి రాగి జాలీ పట్టీ. బయటైతే పెరట్లో వేపచెట్టుకూ ఇంటిమీది వెదురు గడకూ నడుమ తీగ, కొసల్లో పింగాణీ గుడ్లు. అవి దొరక్కపోతే సైకిల్ ట్యూబు ముక్కలు. ఒకప్పటి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి అయింది. ఆ హైదరాబాదు కేంద్రం 738 కిలోహెర్ట్జ్, అంటే అల పొడవు సుమారు 406 మీటర్లు. అందులో నాలుగో వంతు తీగ కట్టాలన్నా వాడకట్టు దాటిపోవాలి. అదేం అక్కర్లేదు, హైదరాబాదు ఎలాగూ పలుకుతుంది. తీగ కావలసింది రాత్రిపూట విజయవాడ 837 కోసం, ఒకప్పుడైతే 41 మీటర్ల బ్యాండులో సిలోన్ రేడియో కోసం. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా, మీనాక్షీ పొన్నుదురై తెలుగు గొంతు అక్కడి నుంచే వచ్చేవి. 41లో నాలుగో వంతంటే పది మీటర్ల చిల్లర. పెరట్లో పట్టేంత.

ఇక ఎర్తు. తీగలో పుట్టిన సన్నని కరెంటు రేడియోలోని చుట్ట గుండా నేలలోకి దిగాలి. దిగే దారి సరిగా లేకపోతే ఇంటి కరెంటు వైర్లను పట్టుకుంటుంది, వాటి గుర్రునంతా స్పీకరులోకి తెస్తుంది. ఇక్కడేమో పైన ఎర్రచెలక, కింద గ్రానైటు బండ. ఎండాకాలం పొడిమట్టిలో గుచ్చిన కడ్డీ ఉన్నా లేనట్టే. అందుకే మోకాలి లోతు గుంట తీసి, రాగి రేకు పెట్టి, బొగ్గులూ ఉప్పూ వేసి, రోజూ చెంబెడు నీళ్లు పోయాలి. నీళ్లలో లవణాలు ఎంత కరిగితే కరెంటుకు అంత సులువు. ఈ మండలంలో తరాల పళ్లనూ ఎముకలనూ తినేసిన ఫ్లోరైడు బోరు నీళ్లు నా లెక్కలో పనికొచ్చేది ఆ గుంటకే.

ఒక్క హెచ్చరిక. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్టు అయితే చాసిస్‌లోనే కరెంటు ఉండొచ్చు. తెలిసిన మెకానిక్కు చూడందే దానికి ఎర్తు కలపొద్దు. మబ్బు పట్టిందంటే, ఏ సెట్టయినా సరే, ఏరియలు ఊడదీయాల్సిందే.

ట్రాన్సిస్టరుకైతే రంధ్రం కూడా అక్కర్లేదు. మీడియం వేవుకు లోపలి ఫెర్రైటు కడ్డీయే ఏరియలు. పైపెట్టె చుట్టూ కడ్డీకి అడ్డంగా వైరు నాలుగు చుట్లు చుట్టి, ఒక కొస బయటి తీగకు, ఇంకో కొస ఎర్తుకు ఇస్తే చాలు, దూరపు స్టేషను దగ్గరికొస్తుంది. మరీ పొడుగు తీగ కడితే పక్క స్టేషన్లూ మీదపడతాయి.

ఇప్పటి పోరు వేరు. ఎల్‌ఈడీ బల్బులు, సెల్లు చార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ మీడియం వేవులో గరగరమంటాయి. మంచి ఏరియలు వాటినీ అంతే శ్రద్ధగా పట్టుకొస్తుంది! తీగను ఇంటికి దూరంగా పెరటి చివరకు జరిపితే కొంత నయం. కరెంటు పోతే, ఇన్వర్టర్లది తప్ప, ఆ గోల చాలావరకు పోతుంది. కానీ అప్పుడు వాల్వు సెట్టూ ఆగిపోతుంది కదా, అటక మీది ట్రాన్సిస్టరు దించి సెల్లులు వేయాల్సిందే.