హిందూపురం బల్ల మీద హెలికాప్టర్

8 జనవరి 2023, ఆదివారం, హిందూపురం

రేడియో హెలికాప్టర్ కిట్టు పెట్టె విప్పాను. బెంగళూరులో ఒకాయన మోజుపడి కొని, కట్టే తీరిక లేక అటకెక్కించిన సరుకు. 450 తరగతి. తైవాన్ అలైన్ కంపెనీ టీ-రెక్స్ 450 కొలతలు పట్టుకుని ఇంకో కంపెనీ చేసింది. ఒక్కో రెక్క పొడవు 325 మిల్లీమీటర్లు, తలకు బిగించాక ఈ కొస నుంచి ఆ కొసకు 71 సెంటీమీటర్లు. బ్యాటరీతో కలిపితే ముప్పావు కిలో దాటుతుంది.

కొత్తది బయటి దేశం నుంచి తెప్పించే ఆలోచన మానుకున్నాను. పోయినేడు ఫిబ్రవరి 9న కేంద్రం డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడిభాగాలుగా విప్పి పంపే కిట్లకూ ఆ నిషేధం వర్తిస్తుంది, విడిగా కొనే పార్టులకు మాత్రం లేదు. నా బొమ్మ హెలికాప్టర్‌ను కస్టమ్స్‌లో ఏ లెక్కన చూస్తారో తేల్చుకునే ఓపిక నాకు లేదు. ఇక్కడిక్కడే చేతులు మారిన కిట్టయితే ఆ గొడవ ఉండదు.

దీన్ని కట్టి ఎట్లుందో చెప్పమన్నది పెనుకొండ సైన్సు మాస్టారు. హైస్కూలు పిల్లలకు పనికొస్తుందా, పాడైతే మన దగ్గర బాగుచేసుకోగలమా అన్నవి ఆయన ప్రశ్నలు. నాకు రెండోదే అసలు ప్రశ్న అనిపిస్తోంది. ఎగిరే తీరును ఎవరైనా మెచ్చుకుంటారు. విరిగిన మర్నాడు హిందూపురంలో ఏం దొరుకుతుంది, ధర్మవరంలో ఏం చేయించుకోవచ్చు, దేనికి బెంగళూరు ఎస్పీ రోడ్డు దాకా పోవాలి? ఇది కట్టేవాడికే తెలుస్తుంది.

11 జనవరి, రాత్రి

రోటరు తల ఫ్యాక్టరీలోనే బిగించి పంపారు. అట్లా బిగించి వచ్చినదాన్ని అట్లనే వాడకూడదు. మొత్తం విప్పాను. ఇనుములోకి దిగే ఇనుప స్క్రూలకు, వదులు కాకుండా పట్టి ఉంచే థ్రెడ్‌లాక్ జిగురు ఉండాలి. సగానికి సగం పొడిగా ఉన్నాయి, మిగిలినవాటి మీద నూనె జిడ్డు. పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, చుక్క చుక్క వేసి మళ్ళీ బిగించాను. ప్లాస్టిక్కులోకి దిగే వాటికి మాత్రం వేయకూడదు, ప్లాస్టిక్కు పగులుతుంది.

రెక్కను పట్టుకునే గ్రిప్పులో ఒక థ్రస్ట్ బేరింగు ఉంటుంది. రెండు వాషర్లు, నడుమ గుండ్లు. చూపుకు వాషర్లు రెండూ ఒకటే. వర్నియర్ పెడితే ఒకదాని బొర్ర రవ్వంత పెద్దది. పెద్ద బొర్రది లోపలికి, తల వైపు. చిన్న బొర్రది బయటికి, బోల్టు వైపు. తారుమారైతే బేరింగు బిగుసుకుపోయి రెక్క కోణం మారడం కష్టమవుతుంది. కుడి గ్రిప్పులో సరిగా ఉంది, ఎడమ దాంట్లో తిరగేసి ఉంది.

ఇదెందుకు ఇంత పట్టించుకోవాలో లెక్క వేసి చూశాను. రెక్క బరువు 30 గ్రాములు. నిమిషానికి 2,350 చుట్లు తిరిగేటప్పుడు ఆ 30 గ్రాములే గ్రిప్పును బయటికి లాగే బలం 30 కిలోల బరువుకు పైమాటే. ఆ బలమంతా మోసేది వేలిగోరంత లేని ఆ బేరింగు. రెక్క కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. బొమ్మ అని పిలవడానికి ఇక నోరు రావడం లేదు.

15 జనవరి, సంక్రాంతి

పండగ పూట బల్ల సర్దమని ఇంట్లో గట్టిగానే చెప్పారు. సర్దాను. అరిసెలు తింటూ ఫ్లైబార్ సంగతి చదువుకున్నాను.

ఈ కిట్టు పాత పద్ధతిది. రోటరు తల మీద అడ్డంగా ఒక కడ్డీ, దాని రెండు కొసల్లో చిన్న తెడ్లు. ఇప్పటి కిట్లలో ఈ కడ్డీ లేదు, దాని పని మూడు దిక్కుల జైరో ఉన్న చిన్న డబ్బా చేస్తుంది. ఎగరేసేవాళ్ళకు కొత్తదే మేలు, అందులో వాదం లేదు. నేర్చుకునేవాళ్ళకు మాత్రం నేను పాతదే ఇస్తాను. నిలకడ ఎక్కడి నుంచి వస్తోందో దీంట్లో కంటికి కనిపిస్తుంది.

ఈ కడ్డీకి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఆర్థర్ యంగ్ అనే ఆయన పెన్సిల్వేనియాలోని పావొలీలో ఒక పాత కొట్టంలో ఏళ్ళ తరబడి చిన్న చిన్న నమూనాలు ఎగరేసి, విరగ్గొట్టి, రోటరుతో పాటు తిరిగే బరువైన కడ్డీ నిలకడ తెస్తుందని కనిపెట్టాడు. 1941లో బెల్ కంపెనీలో చేరాడు. ఆయన రూపకల్పనలో వచ్చిన బెల్ 47కు 1946 మార్చి 8న పౌర అనుమతి దొరికింది. కడ్డీ కొసల్లో తెడ్లు పెట్టే ఉపాయం స్టాన్లీ హిల్లర్‌ది. నా బల్ల మీది తల ఈ ఇద్దరి పద్ధతులనూ కలిపింది. జర్మనీలో డీటర్ ష్లూటర్ 1970 ప్రాంతంలో రేడియో హెలికాప్టర్‌ను నిలకడగా ఎగరేసి, కిట్టుగా జనానికి అందించిన దగ్గర నుంచి ఈ అభిరుచి ప్రపంచమంతా పాకింది. మొదట నమూనాలోంచి పెద్ద హెలికాప్టర్, తర్వాత పెద్ద హెలికాప్టర్ లోంచి మళ్ళీ నమూనా. మాస్టారు పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది.

22 జనవరి, ధర్మవరం

తల, రెక్కల కోణం మార్చే స్వాష్‌ప్లేటు, రెండు ఇరుసులు డబ్బాలో పెట్టుకుని రైలెక్కాను. అక్కడ మా బావ మగ్గాల జకార్డులు రిపేరు చేస్తాడు. పట్టుచీర అంచులో పువ్వు ఉన్నచోట ఉండాలంటే వందల కొక్కేలు ఒక్క తీరుగా లేచి దిగాలి. ఆ పనిలో అరిగిన వేళ్ళు ఆయనవి. ఏమీ చెప్పకుండా తల చేతికిచ్చాను. రెండు గ్రిప్పులూ పట్టుకుని మెల్లగా ఆడించాడు. తర్వాత ఫ్లైబార్ కిందున్న చిన్న చేతుల దగ్గర ఆగాడు.

“ఇక్కడ వదులుండాది బావా. మా మగ్గం మీద ఇంత వదులుంటే పువ్వు పక్కకు పడతాది.”

నిజమే. ప్లాస్టిక్కు లింకు గుండు మీద ఆడుతోంది. నాలుగు లింకుల్లో రెండు అట్లున్నాయి. కొత్త సరుకులో ఇంత వదులు ఉండకూడదు, ఈ కిట్టులో నాకు కనబడిన పెద్ద లోపం ఇదే. లింకులను కదిలించే చిన్న మోటారు, అంటే సర్వో, ఎంత కచ్చితంగా కదిలినా ఆ కదలికలో కొంత ఈ వదులులోనే పోతుంది.

సాయంత్రం లేత్ షాపుకు పోయాం. ప్రధాన ఇరుసు 5 మిల్లీమీటర్ల ఊచ, పైనా కిందా అడ్డంగా బొర్రలు. “చేసిస్తాప్పా, అర్ధగంట పని” అన్నాడాయన. చేయగలడు, ఆ చేతి మీద నాకు నమ్మకముంది. కానీ గట్టిపరచిన ఉక్కు ఊచ అక్కడ లేదు. మెత్త ఇనుముతో చేస్తే మొదటి దెబ్బకే వంగుతుంది. వంగిన ఇరుసుతో తిప్పితే వణుకు పుట్టి మిగతావన్నీ వదులవుతాయి. ఇరుసులు, రెక్క గ్రిప్పుల మధ్య కడ్డీ, బేరింగులు బయటి నుంచే తెప్పించుకోవాలి. తోక గొట్టం, దిగే కాళ్ళు, బ్యాటరీ పలక, వైర్లు, సాల్డరింగ్ అంతా మన ఊళ్ళలో అయ్యే పని. శిక్షణ కోసం కాళ్ళకు కట్టే పొడవాటి పుల్లలకు బావ ఇంట్లో సన్నగా చీల్చిన వెదురు ఉంది. నాలుగు కొసలకు ప్లాస్టిక్ బంతులు గుచ్చాం. కొట్లో అమ్మే ఫైబరు పుల్లల కంటే ఇవే తేలిక.

29 జనవరి, హిందూపురం

లింకులు మార్చాను, వదులు పోయింది. మూడు సర్వోలు 120 డిగ్రీల ఎడంలో స్వాష్‌ప్లేటును పట్టుకున్నాయి. మూడూ కలిసి పైకి లేస్తే రెండు రెక్కల కోణమూ ఒకేసారి పెరిగి హెలికాప్టర్ లేస్తుంది. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ కదిలితే ప్లేటు ఒరుగుతుంది, హెలికాప్టర్ ఆ పక్కకు జరుగుతుంది. పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని రెక్కలు లేకుండా ఇదొక్కటి చూపిస్తే ఒక పీరియడ్ చాలదు.

పిచ్ గేజీ పెట్టి రెక్క కోణం కిందికి మైనస్ 2, నడుమ 5, పైన 9 డిగ్రీలు ఉంచాను. మోటారుకు 13 పళ్ళ పినియన్ ఇచ్చారు. పెద్ద గేరు 150 పళ్ళది. ఆ కలయికలో తల వేగం విన్యాసాలు చేసేవాళ్ళకు కావాల్సినంత. నేర్చుకునేవాళ్ళకు అక్కర్లేదు. 11 పళ్ళది వేసి తగ్గించాను. రెండు గేర్ల నడుమ సన్నని కాగితం పెట్టి మోటారు బిగిస్తే పట్టు సరిగ్గా కుదిరింది. కాగితం మీద పళ్ళ గుర్తులు పడ్డాయి, చినగలేదు.

బ్యాటరీ 11.1 వోల్టుల లిపో, 2,200 మిల్లీయాంపియర్ అవర్లు. ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి వరండాలో చార్జి చేస్తున్నాను. నేను పక్కన లేకుండా చార్జింగు జరగదు.

6 ఫిబ్రవరి

తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో హెచ్ఏఎల్ కొత్త హెలికాప్టర్ ఫ్యాక్టరీని ప్రధాని ఈరోజు ప్రారంభించారు. 615 ఎకరాలు. మొదట ఎల్‌యూహెచ్ అనే తేలికపాటి హెలికాప్టర్లు తయారవుతాయట. మూడు టన్నుల తరగతి, ఒకే ఇంజను. 2016లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాను. అది కర్ణాటకే కావచ్చు, హిందూపురానికి అమరావతి కంటే తుమకూరు ఎంతో దగ్గర. ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఐటీఐలో చేరే మన పిల్లలకు కార్ల పని ఒక దారి అయింది. హెలికాప్టర్ పని ఇంకో దారి ఎందుకు కాకూడదు? స్వాష్‌ప్లేటు అన్న మాట మొదటిసారి ఇంటర్వ్యూలోనే వినే పరిస్థితి మన పిల్లలకు రాకూడదని నా కోరిక. మాస్టారికి ఫోన్ చేసి ఇదే చెప్పాను.

12 ఫిబ్రవరి, పెనుకొండ

తెల్లారకముందే బయలుదేరాను. ఊరి బయట శెనక్కాయ పీకేసిన చేను, రైతును ముందే అడిగి ఉంచాం. డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాపు చూసుకున్నాను. పుట్టపర్తి విమానాశ్రయం ఇక్కడికి 20 కిలోమీటర్ల పైనే. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు కాబట్టి డ్రోన్ల నిబంధనల్లో ఇది మైక్రో తరగతి కిందికి వస్తుంది. సరదాకు ఎగరేసేవాళ్ళకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. నేనెట్లాగూ తల ఎత్తు దాటనివ్వను. కోట మీద ఎగరేయమని వెంట వచ్చిన పిల్లలు అడిగారు. పాత రాజభవనం గగన్ మహల్ దరిదాపుల్లో కూడా ఎగరేసేది లేదని చెప్పాను. రక్షిత కట్టడాల దగ్గర ఇట్లాంటివి తిప్పకూడదు, అక్కడ జనం కూడా తిరుగుతుంటారు.

గాలి లేదు. పిల్లలందరినీ ముప్పై అడుగులు వెనక్కి పంపి మోటారు తిప్పాను. మొదట వణికింది. ఒక రెక్క కొసకు ఎర్ర టేపు, ఒకదానికి నల్లది అంటించి మళ్ళీ తిప్పి పక్క నుంచి చూస్తే ఎర్రది పైన తిరుగుతోంది. దాని లింకును ఒక చుట్టు తిప్పాను, రెండు రంగులూ ఒకే గీత మీదికి వచ్చాయి. వణుకు పోయింది.

తర్వాత లేచింది. వెదురు పుల్లలు నేలకు రాసుకుంటూ, అడుగు, రెండడుగులు, మోకాలెత్తు. నేలకు దగ్గరగా ఉన్నంతసేపు కిందికి తోసిన గాలి దాన్ని పక్కలకు జార్చేస్తుంది. మోకాలెత్తు దాటాక నిలబడింది. తోక కదల్లేదు. ఆ కొన్ని నిమిషాల సంతోషం రాయడానికి నాకు మాటలు చాలవు. మాస్టారు చప్పట్లు కొట్టారు.

ఎర్రమట్టి దుమ్ము మాత్రం గట్టి శత్రువు. దిగేటప్పుడు మేఘంలా లేచి అన్ని సందుల్లోకీ దూరింది. ఇంటికొచ్చి బ్రష్షుతో దులిపితే లింకుల్లో, తోక బెల్టు పళ్ళలో ఎర్రగా. ఇకమీదట కింద పాత టార్పాలిన్ పరచాలి.

19 ఫిబ్రవరి, పెనుకొండ

హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 620 మీటర్ల ఎత్తు. పైగా ఎండలు ముదిరితే గాలి పలచబడుతుంది. 38 డిగ్రీల వేడిలో అక్కడి గాలి సాంద్రత ప్రామాణిక సముద్రమట్టం గాలి కంటే సుమారు 14 శాతం తక్కువని లెక్క తేలింది. అదే బరువు మోయడానికి రెక్క కోణం ఇంకా పెరగాలి, మోటారు ఇంకా వేడెక్కుతుంది. మాన్యువల్లో రాసిన ఎగిరే సమయం ఇక్కడికి సరిపోదు. ఏడు నిమిషాలని వాళ్ళంటే నేను ఐదుకే దించేస్తున్నాను. దించాక బ్యాటరీలో ఐదో వంతుకు తగ్గకుండా మిగలాలి.

తొమ్మిది దాటాక కొండ మీద నుంచి గాలి సుడులు మొదలయ్యాయి. అదే సమయానికి గొర్రెల మంద చేన్లోకి దిగింది. వెంటనే దించి, మోటారు తిరగకుండా ఆపే థ్రాటిల్ హోల్డ్ వేశాను. కాపరి పెద్దాయన దగ్గరికొచ్చి కూర్చుని, “దీంతో ఏం లాభం నాయనా?” అని అడిగాడు. పిల్లలు నేర్చుకుంటారని చెప్పాను. తల చేత్తో తిప్పి చూసి, కడ్డీ ఎందుకని ఆయనే అడిగాడు. మాస్టారు సైకిలు చక్రం ఉదాహరణతో ఓపిగ్గా చెప్పారు.

5 మార్చి, హిందూపురం

మాస్టారికి రాసిస్తున్నది ఇది:

ఫ్రేము, గేర్లు, తోక బాగున్నాయి, కొలతలు ఎక్కడా తేడా రాలేదు. లింకులు నాసిరకం, కొన్న రోజే మార్చాలి. ఫ్యాక్టరీలో బిగించిన తలను విప్పకుండా ఎగరేస్తే ప్రమాదం. మాన్యువల్ బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి, థ్రస్ట్ బేరింగు దిక్కు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఇట్లాంటి కిట్టు నేరుగా పిల్లల చేతికిచ్చి ఎగరేయమనడం తప్పు. ముందు కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద నెలలు గడపాలి. కట్టడం, విప్పడం మాత్రం తొమ్మిదో తరగతి నుంచి నిరభ్యంతరంగా నేర్పవచ్చు. స్కూలు డబ్బుతో కొనేటట్లయితే ఫ్లైబార్ ఉన్న పాత కిట్టు ఒకటి చాలు, దాంతోపాటు రెండు ప్రధాన ఇరుసులు, రెండు గ్రిప్పు కడ్డీలు, డజను లింకులు ఒకేసారి తెప్పించాలి.

వచ్చే శనివారం రోటరు తల పట్టుకుని స్కూలుకు రమ్మన్నారు మాస్టారు. ధర్మవరం బావ కూడా జకార్డు కొక్కేలు తెచ్చి, వదులు ఎట్లా పట్టుకోవాలో పిల్లల వేళ్ళకు నేర్పిస్తానన్నాడు. మోటారు, బ్యాటరీ కూడా తీసుకుపోతాను. రెక్కలు మాత్రం ఇంట్లో బీరువాలోనే ఉంటాయి.