పన్నెండోవాడి పరుగు

బాలలూ! గట్లూ, గుట్టలూ, బురదా దాటుతూ సాగే దూరపు పరుగును క్రాస్ కంట్రీ అంటారు. నా శిష్యుడొకడికి అదంటే ప్రాణం. కాని ఎన్నడూ మొదట వచ్చేవాడు కాడు. "మొదట రానివాడికి పరుగెందుకు?" అని తండ్రి మాన్పించబోయాడు. ఆయనకు నేనీ సంగతి చెప్పాను.

1924లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పందెం మండుటెండలో జరిగింది. 38 మంది బయలుదేరితే 15 మందే గమ్యం చేరారు. ఫిన్లండ్ వీరులు నుర్మి, రిటోలా మొదటి రెండు స్థానాలూ గెలిచారు. అయితే జట్టుకు పతకం రావాలంటే మూడోవాడు కూడా చేరాలి. లీమతైనెన్ అలసి సొలసి పన్నెండోవాడుగా చేరాడు. జట్టుకు స్వర్ణపతకం దక్కింది!

తండ్రి మరి అడ్డు చెప్పలేదు. మర్నాడు తెల్లవారకముందే కుర్రవాడు చెరువుగట్టున పరుగెత్తుతున్నాడు. పిల్లలూ, మీ జట్టులో వెనక వచ్చేవాడికోసం కూడా చప్పట్లు దాచి ఉంచండి.